మెడ దగ్గర అతుకు

ఆటో సుబేదారి వాడలో ఎడమపక్క సందులోకి తిరిగినప్పుడే యాకయ్యకు అనుమానం వచ్చింది. ఆకుపచ్చ గేటు ముందు ఆగేసరికి అనుమానానికి తావే లేకుండా పోయింది. అది వెంకటేశ్వర్లు సేటు ఇల్లు. హన్మకొండలో యాకయ్య మెకానిక్ షాపు నడుపుకుంటున్న రేకుల షెడ్డు ఆ సేటుదే.

“ఇదేనా ఇల్లు?” అన్నాడు యాకయ్య దిగకుండానే.

“ఇదే కాకా. ఆన్‌లైన్ల పెట్టిండ్లు. ఆరువందల యాభై సీసీ. ఫోటోలల్ల పెండ్లికొడుకు లెక్కున్నది,” అన్నాడు మహిపాల్ ఆటో అతనికి డబ్బులిస్తూ. అతని భార్య స్రవంతి చున్నీ సర్దుకుంటూ దిగి, గేటు సందులోంచి లోపలికి తొంగి చూసింది.

మహిపాల్ స్టేషన్ ఘన్‌పూర్ రైతు కొడుకు. మడికొండలో కంప్యూటర్ కొలువు. కాలేజీలో చదివేనాడు తండ్రి కొనిచ్చిన పాత బండిని యాకయ్య దగ్గరికే తోసుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు దూరాలు తిరిగే పెద్ద బండి కావాలి. రేసు బండిలా ఉరకాలి, రోజంతా కూర్చున్నా నడుము పట్టేయకూడదు, వెనక స్రవంతికి వెడల్పాటి సీటుండాలి. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. కన్యాకుమారి దాకా పోవాలని ఇద్దరూ రెండేళ్లుగా దారి గీసుకుంటున్నారు.

ఆ ఊళ్లో పాత బండి కొనేవాళ్లు యాకయ్యను వెంటబెట్టుకుపోవడం మామూలే. పెళ్లిచూపులకు పెద్దమనిషిని తీసుకుపోయినట్టు. యాకయ్య తల ఊపితే బయానా ఇస్తారు, చేతులు దులుపుకుంటే లేచి వచ్చేస్తారు.

వెంకటేశ్వర్లు లుంగీ మీద తువ్వాలు వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. యాకయ్యను చూసి ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాడు. తర్వాత ముఖమంతా నవ్వు పులుముకున్నాడు.

“నువ్వా యాకయ్యా! ఇంటి మనిషే వచ్చిండు. ఇంక ఫికరేముంది బాబూ, యాకయ్య సరే అంటే బ్రహ్మ రాసినట్టే.”

“మీకు ఎరుకేనా కాకా?” అన్నాడు మహిపాల్ సంబరంగా.

“నా షాపు సేటుదే,” అన్నాడు యాకయ్య.

సేటు కొడుకు పవన్ వచ్చి బండి మీది కప్పును కుడిచేత్తోనే లాగాడు. అతని ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. ముదురు నీలం రంగు బండి ఎండలో మెరిసింది. స్రవంతి “అబ్బ!” అంది మెల్లగా. మెట్ల మీద కూర్చుని ఫోనులో ఫోటో తీసింది.

యాకయ్య గొంతుకూర్చుని ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

“పొద్దుగాల ఒక్కపారి స్టార్ట్ చేసిన్రా?”

పవన్ తండ్రి వైపు చూశాడు. “ఊకె, జర కడిగి...”

“చల్లబడనియ్యి. చల్లగున్నప్పుడే దాని నిజమైన చప్పుడు ఇనవడ్తది.”

చల్లబడేదాకా మిగతావన్నీ చూశాడు. టైరు పక్కన అచ్చైన నాలుగంకెలు మహిపాల్‌కు చూపించి ఏ ఏడు ఏ వారంలో తయారైందో లెక్కకట్టి చెప్పాడు. చైనును వేళ్లతో ఎత్తి ఎంత వదులుందో కొలిచాడు. వెనక పళ్లచక్రం మొనలు కొక్కేల్లా వంగాయేమోనని ఒక్కొక్కదాన్నీ తడిమాడు. ముందు ఫోర్కుల మీద తెల్లగుడ్డ తిప్పి నూనె మరక అంటుతుందా అని చూశాడు. వేడి తగ్గాక రేడియేటర్ మూత తీసి లోపలి ఆకుపచ్చ నీళ్లలో తుప్పు రంగు కోసం వెతికాడు. బ్యాటరీకి మీటరు పెట్టి ఎంత చూపిస్తుందో చూశాడు. చల్లని ఇంజను మొదటి మీటకే అందుకుంది. టకటకా లేదు, పొగ లేదు. గడియారంలా ఆడింది.

అన్నీ బాగున్నాయి. అదే అతన్ని చంపుతోంది. ఇంకేదైనా ఒక్క పెద్ద లోపం దొరికితే దాని మీద నెపం పెట్టి లేచిపోయేవాడు.

“కాకా, హ్యాండిల్ మెడ కాడ చూడాలంటాండ్లు వీడియోలల్ల,” అన్నాడు మహిపాల్. “బండి కిందవడి ఉంటే ఆన్నే పగుల్తదట.”

యాకయ్య టార్చి వెలిగించి ట్యాంకు ముందు వంగాడు. ఇనుప పైపులు వచ్చి మెడలో కలిసేచోట నల్లరంగు. కంపెనీ రంగు కంటే ఒక్క పిసరు మెరుపు తక్కువ. ఎరిగినవాడికి తప్ప కనపడదు. ఆ రంగు వేసిన కుంచె ఇంకా అతని షాపులో, కిరోసిన్ డబ్బాలో ఉంది.

“యాకయ్యా,” అని పిలిచాడు సేటు. “జర ఇటు రా. మోటరు నీళ్లెత్తుతలేదు. చూసి పో.”

ఇంటి వెనక మోటరు బాగానే ఉంది. సేటు నల్లా తిప్పి ఆ నీళ్ల చప్పుడులో మాట్లాడాడు.

“నువ్వేం అబద్ధమాడద్దు. చూసిన, మంచిగున్నది అను. నువ్వు పెట్టిన వెల్డింగే గదా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?”

“ఆనాడు మీరేమన్నరు సేటు? ఇంట్లనే నిలవెడ్తం, ఇంక ఎవ్వరెక్కరు అన్నరు. అందుకే పెట్టిన.”

“అన్న, నిజమే. డివైడర్‌కు గుద్ది నా కొడుకు భుజంల ప్లేటు పడ్డది. వాని తల్లి ఆ బండిని చూడలేక వాకిట్లకే వస్తలేదు. ఎన్నొద్దులు పెట్టుకోవాలె?”

“పాత ఇనుము కింద ఇయ్యుండ్లి. నేనే ముక్కలు చేసి పంపుత.”

వెంకటేశ్వర్లు నల్లా కట్టేశాడు. తువ్వాలుతో చేతులు నిదానంగా తుడుచుకున్నాడు. “పన్నెండేండ్లాయె నీ షెడ్డు కిరాయి పెంచక. నేనెప్పుడన్న అడిగిన్నా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే యాకయ్యకు జవాబు దొరికేది.

వాకిట్లోకి వచ్చేసరికి స్రవంతి వెనక సీటు ఎక్కి కూర్చుని కాళ్లు ఆనుతున్నాయో లేదో చూసుకుంటోంది. “కాకా, మీరు సరే అంటేనే మేం తీసుకునేది,” అంది నవ్వుతూ. “నాకు బండ్ల గురించి ఏమెరుకలేదు. మీరంటే మాకు నమ్మకం.”

“ఒక్కపారి నడిపి చూస్త. మహిపాల్, నువ్వెక్కు,” అన్నాడు యాకయ్య.

కాజీపేట దాటి మడికొండ వైపు రోడ్డు ఖాళీ అయ్యాక వేగం పెంచాడు. అరవై దాకా వెన్న. ఎనభై దగ్గర పిడికిళ్లలోకి వచ్చింది వణుకు. ఎంతో లేదు. చలిలో పసిపిల్ల దవడ వణికినంత. తెలియనివాడు గాలి అనుకుంటాడు. నూటయిరవైలో, వెనక ఒక మనిషి బరువుతో, అతుకు విడిపోతే హ్యాండిలొకదారి, బండొకదారి. ఆ తర్వాత ఏమవుతుందో యాకయ్య తలుచుకోదలచుకోలేదు. రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర ఆపి దిగాడు. చాయ్ చెప్పలేదు.

“తీసుకోకు బిడ్డా.”

మహిపాల్ హెల్మెట్ తీస్తూ ఆగిపోయాడు. “ఏమైంది కాకా? అన్నీ మంచిగున్నయంటివి గదా.”

“మెడ కాడ పగిలింది. పైన వెల్డింగ్ పెట్టి, లప్పం నింపి, రంగేసిండ్లు. కనవడది.”

“మరి నీకెట్ల కనవడ్డది?”

యాకయ్య రోడ్డు మీద పోతున్న లారీని చూశాడు. అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

“పెట్టింది నేనే.”

మహిపాల్ హెల్మెట్ కింద పెట్టాడు. తర్వాత వంగి యాకయ్య మోకాళ్లు ముట్టుకున్నాడు. “పానం కాపాడినవ్ కాకా. స్రవంతిని ఎక్కిచ్చుకుంటుంటి.” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నా పేరు ఎత్తకు. బండి నచ్చలేదని చెప్పి ఒదిలెయ్. ఆ సేటు కిందనే నా బతుకు.”

“అమ్మతోడు చెప్ప.”

సేటు ముఖం మళ్లీ చూడలేక యాకయ్య అక్కడే బస్సెక్కాడు. మహిపాల్ ఒక్కడే బండి అప్పజెప్పడానికి వెనక్కి తిరిగాడు. కిటికీలోంచి చూస్తే నీలం బండి నలభై మీద, రోడ్డు అంచున, బుద్ధిగా పోతోంది.

మర్నాడు పొద్దున యాకయ్య షట్టరు ఎత్తి అగరొత్తి వెలిగిస్తుంటే వెంకటేశ్వర్లు స్కూటీ మీద వచ్చాడు. ఎప్పుడూ షాపు ముందు బల్ల మీద కూర్చునే మనిషి ఆ రోజు కూర్చోలేదు. గోడలకు వేలాడే టైర్లనూ, పానాల బోర్డునూ, పైన రేకుల్లోంచి పడుతున్న ఎండ చుక్కలనూ చూశాడు.

“వెల్డింగ్ నువ్వే పెట్టినవని కూడ చెప్పినవట గదా.”

యాకయ్య చేతిలో అగరొత్తి అలాగే కాలుతోంది.

“నా ఇంట్ల నిలవడి, నా ముంగట ఆ పోరడు ఆ మాటంటుంటే నా తల ఏడవెట్టుకోవాలె? దొంగసొమ్ము అమ్ముతున్నట్టు మాట్లాడిండు.”

“సేటు, పానం పోతది. మన పవన్ లాంటి పోరడే గదా...”

“నా కొడుకు పేరెత్తకు.” సేటు గొంతు మొదటిసారి పగిలింది. “బేస్తారం వరకు ఖాళీ చెయ్. మా బామ్మర్ది గోదాం పెడ్తడట.”

ఆ రోజు మూడు బండ్లు వచ్చాయి. ఒకటి బ్రేకు, ఒకటి పంచరు, ఒకటి స్టార్ట్ కావడం లేదు. మూడూ బాగుచేసి పంపాడు. మధ్యలో నాలుగుసార్లు మహిపాల్‌కు ఫోను చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. అతను మాట తప్పాడని కోపం రాలేదు యాకయ్యకు. సేటు ముందు నిలబడి ‘నచ్చలేదు’ అనలేక నోరు జారి ఉంటాడు. చదువుకున్న పిల్లలకు అబద్ధం సరిగ్గా ఆడటం రాదు అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య మొగిలమ్మ గడప మీద కూర్చుని రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని ఉంది. మిర్చి సీజను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎనుమాముల మార్కెట్టులో కాయలేరుతుంది. ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబారిన తాలుకాయ ఒక కుప్ప. చేతులు రాత్రంతా మండుతాయి. అన్నం ముద్ద కూడా పెదాలకు వేళ్లు తగలకుండా ఎడంగా పట్టుకుని తింటుంది.

యాకయ్య జరిగింది చెప్పాడు. ఆమె చేతులు గిన్నెలోంచి తీయకుండా విన్నది.

“ఇయ్యాల చెప్పిన నోరు ఆనాడు ఏడవోయింది?” అంది.

“నేను ఒక్క తాలుకాయ మంచికాయలల్ల ఏస్తె మేస్త్రి కూలి కోస్తడు. నువ్వు తాలు బండికి రంగేసి ఇచ్చినవ్.”

“ఎవ్వరెక్కరన్నడు సేటు.”

“అన్నడు. నీకు గా మాట కావాలె, గందుకే నమ్మినవ్.”

ఎదురింట్లో ఎవరో తిరుగమోత పెట్టారు. ఆ ఘాటుకు మొగిలమ్మ తుమ్మింది. చేత్తో ముక్కు తుడుచుకోలేక భుజానికి రుద్దుకుంది.

“ఆ పిల్ల పేరేంది?” అంది కొంతసేపటికి.

“స్రవంతి.”

“ఎక్కకుంట చేసినవ్ గదా. షెడ్డు పోతే పోనియ్. నీకు చేతులున్నయి, నాకు చేతులున్నయి.”

ఆ రాత్రి యాకయ్యకు మంచి నిద్ర పట్టింది. ఏడాదిన్నరగా అప్పుడప్పుడూ గుండెలో ఒక మేకు దిగినట్టు లేచి కూర్చునేవాడు. ఆ మేకు ఎవరో ఊడబీకినట్టయింది. తర్వాతి రెండు రోజులూ తెలిసిన షాపులన్నీ తిరిగాడు. ములుగు రోడ్డులో ఒకతను రోజుకూలి మీద రమ్మన్నాడు. ఇరవై ఏళ్ల కింద తన దగ్గర పని నేర్చుకున్నవాడు. “మీరు నా కింద ఎట్ల చేస్తరన్నా?” అని మొహమాటపడ్డాడు. “చేస్త,” అన్నాడు యాకయ్య.

గురువారం పొద్దున ట్రాలీ ఆటో మాట్లాడి షాపు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. మొగిలమ్మ పనికి పోకుండా వచ్చింది. పానాలు బోర్డు మీద నుంచి ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేస్తుంటే గోడ మీద వాటి ఆకారాలు తెల్లగా మిగిలాయి. గాలి కంప్రెషర్‌ను ఇద్దరూ కలిసి దొర్లించుకుంటూ బయటికి తెచ్చారు. ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. తల ఎత్తకుండానే యాకయ్య గుర్తుపట్టాడు.

నీలం బండి వచ్చి షాపు ముందు ఆగింది. భద్రకాళి గుడి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. ముందు అద్దానికి బంతిపూల దండ, లైటు మీద పసుపు, మూడు కుంకుమ బొట్లు. మహిపాల్ కొత్త చొక్కా వేసుకున్నాడు. స్రవంతి వెనక నుంచి దిగి, చేతిలోని మిఠాయి డబ్బా యాకయ్యకు అందించింది.

“మీ పుణ్యమే కాకా,” అన్నాడు మహిపాల్. ముఖం వెలిగిపోతోంది. “ఆ ఒక్క ముచ్చట మీద రేటు లచ్చన్నర దిగిండు సేటు. మొదలు వినలేదు. వెల్డింగ్ పెట్టిన మెకానికే చెప్పిండు అన్నంక, ఇంక నోరు లేవలేదు. తప్పైంది కాకా, నీ పేరు చెప్పాల్సొచ్చింది. నిన్న పైసలిచ్చి తెచ్చుకున్నం.” అప్పుడు అతని చూపు గోనెసంచుల మీద, ట్రాలీ మీద పడింది. “షాపు మారుస్తానవా?”

యాకయ్య డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. తను షెడ్డు పోగొట్టుకుని చెప్పిన మాట బజారులో లక్షన్నరకు చెల్లింది. మొగిలమ్మ వచ్చి డబ్బా అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. మహిపాల్‌కు జవాబు ఆమే చెప్పింది. “సేటు ఎల్లగొట్టిండు బిడ్డా. నీకు నిజం చెప్పినందుకు.”

మహిపాల్ ముఖంలో వెలుగు ఒక్కసారి తగ్గింది. “అయ్యో... నాకు తెల్వది చిన్నమ్మా. నేను మాట్లాడుత సేటుతోని,” అన్నాడు. మాట్లాడడని మిగతా ముగ్గురికీ తెలుసు.

యాకయ్య అదేమీ వినిపించుకోలేదు. బండి దగ్గరికి పోయాడు. సంచిలోంచి పానా తీసి సీటు ఎత్తి, ట్యాంకు ముందు బోల్టు విప్పి, ట్యాంకును వెనక్కి జరిపాడు. గుడ్డతో మెడను తుడిచాడు. టార్చి అవసరం లేదు, ఎండ బాగా ఉంది. తను వేసిన నల్లరంగు మీద అడ్డంగా వెంట్రుకవాసి గీత. ఆదివారం సేటు ఇంట్లో చూసినప్పుడు అది లేదు.

“బిడ్డా, ఇటు రా,” అన్నాడు స్రవంతితో. “ఈడ గోరు పెట్టి గీరు.”

ఆమె భర్త వైపు చూసి, వంగి, చూపుడువేలి గోరును ఆ రంగు మీద పైనుంచి కిందికి జరిపింది. గోరు ఒకచోట చిక్కుకుంది. ఇంకోసారి జరిపింది. మళ్లీ అక్కడే చిక్కింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నిన్నటి సంది ఊళ్లె తిరిగితేనే నోరు తెరిసింది,” అన్నాడు యాకయ్య. “దీనికి మందు లేదు. చాసిస్ మొత్తం మార్చాలె. మహిపాల్, అయ్యా, నీ కాళ్లు మొక్కుత. ఈడ పెట్టి పో. పాత చాసిస్ యాడన్న దొరుకుతదేమో నేనే దేవులాడుత. కూలి ఒద్దు.”

మహిపాల్ కూడా గోరు పెట్టి చూశాడు. రోడ్డు మీద స్కూలు ఆటో పోయింది, పిల్లలు బండిని చూసి కేకలు వేశారు.

“ఎన్ని రోజులు పడ్తది?”

“దొరికినప్పుడు. నెలో, రెణ్నెల్లో.”

“సెలవు ఎల్లుండి సంది మొదలు కాకా. మళ్లా ఏడాది దాకా ఇయ్యరు.” అతను యాకయ్య కళ్లలోకి చూడకుండా ట్యాంకును ముందుకు జరిపాడు. “మెల్లగ పోతం. అరవై దాటం. ఒచ్చినంక చేయిద్దాం. మిగిలిన పైసలు గిందుకే పక్కకు పెట్టిన.” బోల్టు తనే బిగించుకున్నాడు. యాకయ్య చేతిలో పానా అడిగి తీసుకుని, బిగించి, మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు.

స్రవంతి ఇంకా కదల్లేదు. యాకయ్య ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“నువ్వన్న చెప్పు బిడ్డా. నువ్వు ఎక్కకుంటె ఆయన పోడు.”

“పోతడు కాకా,” అంది స్రవంతి. “రెండేండ్ల సంది చూస్తాన. దీని మీద ఆయనకు ఎంత పాణమో నాకెరుక. మొన్న రాత్రే చెప్పిండు నాకు, అతుకున్నదని. నేను ఏడ్చిన, తిట్టిన, తినలేదు. ఆగలేదు.” ఆమె హెల్మెట్ నెత్తిన పెట్టుకుంది. బకిల్ బిగించుకుంది. “ఆయన ఒక్కడే పోతే నేను ఇంట్ల కూసోని ఫోను దిక్కు చూసుకుంట ఉండాల్నా? గంతకంటె ఎనక కూసునుడే నయం.”

మొగిలమ్మ ముందుకు వచ్చి ఆమె భుజం పట్టుకుంది. మిరపకాయల మంట ఇంకా ఉన్న చేతులతోనే పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

స్రవంతి బండెక్కింది. వచ్చేటప్పుడు ఒక చెయ్యి భర్త భుజం మీద వేసి కూర్చున్న పిల్ల, ఇప్పుడు రెండు చేతులూ అతని నడుము చుట్టూ వేసి, వీపుకు తల ఆనించి గట్టిగా పట్టుకుంది. మహిపాల్ బండి స్టార్ట్ చేసి, “పోయొస్తం కాకా,” అన్నాడు.

యాకయ్య రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. బండి అతని పక్కనుంచి తప్పించుకుని, నెమ్మదిగా, చెప్పినట్టే నెమ్మదిగా పోయింది. మూల తిరిగి కనుమరుగైంది.

“పోయిండ్లా?” అంది మొగిలమ్మ వెనకనుంచి.

అతను మాట్లాడొద్దని చెయ్యెత్తాడు. చప్పుడు ఇంకా వినిపిస్తోంది. రెండో గేరు. మూడోది. మూడో గేరు మీద చాలాదూరం, ఎంతో ఓపికగా పోయింది. చౌరస్తా దాటి రోడ్డు వెడల్పయ్యే చోటికి చేరినట్టుంది. నాలుగోది పడింది. అరవైకి అది చాలు. యాకయ్య చెయ్యి ఇంకా దించలేదు.

అయిదోది కూడా పడింది.